2004 నాటి హెచ్‌డీ రికార్డర్‌కి మళ్లీ ప్రాణం: ప్రాజెక్టు డైరీ

జనవరి 11

బల్ల మీదికి చేరిన సామాను ఇదీ: పెంటియం 4 డెస్క్‌టాప్ ఒకటి, 512 ఎంబీ ర్యామ్, 160 జీబీ ఐడీఈ డిస్కు, ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5200 గ్రాఫిక్స్ కార్డు. అసలు సరుకు వేరే ఉంది. పీసీహెచ్‌డీటీవీ అనే చిన్న కంపెనీ 2004లో తెచ్చిన హెచ్‌డీ-3000 పీసీఐ ట్యూనర్ కార్డు. వెనకాల యాంటెన్నా తీగ తగిలిస్తే అమెరికా గాల్లో తిరిగే డిజిటల్ టీవీ సిగ్నల్‌ని కంప్యూటర్లోకి దించుతుంది. లైనక్స్ వాడేవాళ్ల కోసమే చేసి అమ్మిన కార్డు ఇది.

కొత్త నెట్‌వర్క్ ట్యూనర్ డబ్బా కొనుక్కుంటే ఈ పనంతా ఒక్క సాయంత్రంలో తేలిపోతుందని తెలుసు. కానీ నాకు కావలసింది టీవీ కార్యక్రమాలు కాదు. ఇంట్లో టీవీ చూసేది ఎటూ యాప్‌లోనే, అదీ తెలుగు చానళ్లే. హెచ్‌డీ ప్రసారాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, వెయ్యి డాలర్ల డబ్బా కొనలేని ఇంజనీర్లు ఇంట్లో రికార్డర్ ఎలా కట్టుకున్నారో, అదే సామానుతో అదే పద్ధతిలో కట్టి చూడాలని కోరిక. ఉండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కనున్న ప్లేనోలో. డాలస్ చుట్టుపక్కల పెద్ద చానళ్లన్నీ ప్రసారమయ్యేది ఊరికి నైరుతి దిక్కున సీడర్ హిల్ గుట్ట మీది టవర్ల నుంచి. మా ఇంటికి దాదాపు 35 మైళ్లు.

జనవరి 18

మదర్‌బోర్డు ఆన్ అవుతుంది, ఓ అర నిమిషం ఆగి చచ్చిపోతుంది. టార్చి వేసి చూస్తే కారణం కళ్లెదుటే ఉంది. ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడ్డ కెపాసిటర్లలో ఐదు ఉబ్బిపోయాయి. మూత మీద అడ్డంగా, నిలువుగా గీసిన గాటు విచ్చుకుని, ఒకదాని మీద గోధుమ రంగు పొక్కు ఎండిపోయి ఉంది. 2000 తర్వాత కొన్నేళ్ల పాటు వచ్చిన బోర్డుల్లో ఇది మామూలు జబ్బే. అప్పట్లో నాసిరకం ఎలక్ట్రోలైట్‌తో చేసిన కెపాసిటర్లు మార్కెట్‌ని ముంచెత్తాయి.

పాతవి తీయడమే కష్టమైన భాగం. గ్రౌండ్ వైపు కాలు బోర్డు లోపలి రాగి పొరకి అతుక్కుని ఉంటుంది కాబట్టి, ఐరన్ పెట్టిన వేడినంతా ఆ పొర లాగేసుకుంటుంది. ముందు కాస్త కొత్త సీసం సోల్డర్ కలిపి, ఫ్లక్స్ పూసి, ఒక కాలు వేడి చేస్తూ కెపాసిటర్‌ని అటు వంచి, రెండో కాలు వేడి చేస్తూ ఇటు వంచి, పాలపన్నుని ఊడబెరికినట్టు కొంచెం కొంచెంగా పైకి లాగాలి. తొందరపడితే కాలుతో పాటు రంధ్రంలోని రాగి గొట్టం కూడా ఊడి వస్తుంది. కొత్తవి అదే విలువవి, 6.3 వోల్టులవి, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్నవి వేశాను. రాత్రంతా ఆన్‌లో పెట్టి వదిలేశా. పొద్దున్న ఫ్యాను చప్పుడు వినిపించింది.

జనవరి 20

2007లో వచ్చిన డెబియన్ 4.0 లైనక్స్ ఎక్కించా. అంత పాతది ఎందుకంటే, ఎఫ్ఎక్స్ 5200కి ఎన్విడియా ఇచ్చిన పాత డ్రైవరు కొత్త గ్రాఫిక్స్ సర్వర్లతో కలవదు. ఆ డ్రైవరు ఎందుకు కావాలో బొమ్మ ప్లే చేసేటప్పుడు తెలుస్తుంది. ట్యూనర్ కార్డులో, సిగ్నల్ నుంచి బిట్లు బయటికి తీసే డీమాడ్యులేటర్ చిప్‌కి ఒక ఫర్మ్‌వేర్ ఫైలు విడిగా ఇవ్వాలి. అదీ పెట్టాక కార్డు పలికింది.

ఈ మెషీన్‌ని ఇంటర్నెట్‌కి తగిలించను. ఇన్నేళ్లుగా అప్‌డేట్లు లేని సిస్టమ్‌ని బయటికి వదలడం మంచిది కాదు. పైగా గాల్లోంచి వచ్చేదానికి నెట్ అక్కర్లేదన్నదే కదా అసలు ముచ్చట.

ఫిబ్రవరి 1

గదిలో కిటికీ దగ్గర పెట్టిన చిన్న యాంటెన్నాతో రెండు చానళ్లు దొరికాయి, మిగతావి లేవు. సరే, ఆటిక్ (ఇంటికప్పు కింది అటక) ఎక్కుదామనుకున్నా. మావయ్యగారు, అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. సిగ్నల్ ఎన్ని డెసిబెల్స్ ఉందో స్క్రీన్ నిండా పెద్ద అంకెల్లో చూపించే స్క్రిప్టు రాసి, మావయ్యగారిని దాని ముందు కూర్చోబెట్టి, నేను నిచ్చెన ఎక్కాను.

"మావయ్యగారూ, ఎంతుంది?"

"పద్నాలుగు బాబూ... పదహారు... ఆ, ఆ, అక్కడే ఉంచు. అయ్యో, పోయింది."

"నేనేం కదపలేదండీ."

"అయితే దానంతటదే పోయింది."

ఒకప్పుడు డాబా ఎక్కి దూరదర్శన్ యాంటెన్నా తిప్పిన చెయ్యి ఆయనది. అప్పుడు బొమ్మలో చుక్కలు పడ్డా, నీడలు వచ్చినా, వార్తలు చదివే మనిషి కనిపించేవారు. ఇక్కడ అలా కుదరదు. అమెరికా డిజిటల్ ప్రసారం వాడే 8వీఎస్‌బీ పద్ధతిలో సిగ్నల్‌కీ రొదకీ మధ్య తేడా సుమారు 15 డెసిబెల్స్ ఉండాలి. దానికి పైన ఉన్నంతసేపూ లోపాల దిద్దుబాటు కోడ్ అన్ని తప్పుల్నీ సర్దేసి మచ్చ లేని బొమ్మ ఇస్తుంది. కిందికి ఒక్క డెసిబెల్ జారితే మొత్తం మాయం. "మధ్యేమార్గం లేదా దీనికి?" అని అడిగారు మావయ్యగారు. లేదు.

కిటికీ దగ్గర కన్నా ఆటిక్‌లో ఎందుకు తక్కువ వస్తోందో టార్చి వెలుగులో తెలిసింది. కప్పు చెక్కల లోపలి వైపంతా మెరుస్తోంది. టెక్సాస్ ఎండని ఆపడానికి బిల్డర్లు అల్యూమినియం రేకు అంటించిన చెక్కలు వేస్తారు. ఎండతో పాటు సీడర్ హిల్ కూడా బయటే ఆగిపోయింది.

ఫిబ్రవరి 9

బయట పెట్టక తప్పదు. బయట అనగానే హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం. ఇంటి రంగు నుంచి చెత్తబుట్ట దాకా అన్నిటికీ వాళ్ల లెక్క ఉంటుంది. నేను అడిగిన దానికి "పైకప్పు మీద యాంటెన్నాలు నిషిద్ధం" అని రెండు ముక్కల జవాబు వచ్చింది. 1996 టెలికాం చట్టం కింద ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ) పెట్టిన నియమం ఒకటుంది: స్థానిక టీవీ ప్రసారాలు అందుకునే యాంటెన్నాని సొంత ఇంటివాడు సొంత జాగాలో పెట్టుకుంటే ఇంటి సంఘాలు అడ్డు చెప్పకూడదు. ఆ నియమం నంబరు ఉటంకిస్తూ మర్యాదగా తిరుగు ఉత్తరం రాశా. తర్వాత చప్పుడు లేదు. మన తెలుగువాళ్లలో చాలామంది హెచ్‌ఓఏ ఒప్పుకోదేమోనని యాంటెన్నా ఆలోచనే మానేస్తారు. ఈ నియమం గుర్తుంచుకోండి.

చిమ్నీ పక్కన చిన్న స్తంభం నిలబెట్టి, యూహెచ్‌ఎఫ్ (పొట్టి అలల చానళ్ల) యాంటెన్నాని కంపాస్ చూసి నైరుతికి, కాస్త దక్షిణం మొగ్గుతో తిప్పి బిగించా. ఎర్తింగ్ తీగ వేశా. ఒక్కసారిగా 24, 25 డెసిబెల్స్. అన్ని చానళ్లూ లాక్ అయ్యాయి, డబ్ల్యూఎఫ్ఏఏ అనే డాలస్ స్టేషన్ తప్ప.

ఫిబ్రవరి 12

డబ్ల్యూఎఫ్ఏఏ రాకపోవడానికి కారణం దాని అలల పొడుగు. మిగతా పెద్ద స్టేషన్లు యూహెచ్‌ఎఫ్‌లో ఉంటే ఇది పొడుగు అలల వీహెచ్‌ఎఫ్ 8వ చానల్లో, అంటే 180 నుంచి 186 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారమవుతుంది. ఆ అల పొడుగు మీటరున్నర దాటుతుంది. అరచెయ్యంత యూహెచ్‌ఎఫ్ కడ్డీలకి అది అందదు. కాబట్టి ఒక డైపోల్ చేశా. రెండు అల్యూమినియం కడ్డీలు, కొన నుంచి కొనకి 31 అంగుళాలు, మధ్యలో ప్లాస్టిక్ ముక్క, 300 ఓమ్‌ల నుంచి 75కి మార్చే బాలన్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి. నిజానికి డైపోల్ సుమారు 73 ఓమ్‌లే కాబట్టి ఒకటికి ఒకటి బాలన్ ఉంటే మేలు, కానీ డబ్బాలో ఉన్నది ఇదే, పని జరిగింది. యూహెచ్‌ఎఫ్-వీహెచ్‌ఎఫ్ కలిపే కంబైనర్ ద్వారా రెండూ ఒకే తీగలోకి.

ఈ స్టేషన్‌కి డిజిటల్ చరిత్రలో ఒక వింత స్థానం ఉంది. 1998 ఫిబ్రవరిలో వాళ్లు 9వ చానల్లో డిజిటల్ పరీక్షా ప్రసారం మొదలుపెట్టగానే, డాలస్ బేలర్ ఆసుపత్రిలో రోగుల గుండె కొట్టుకోవడాన్ని వైర్‌లెస్‌గా చూపించే మానిటర్లు పనిచేయడం మానేశాయి. అవి వాడుతున్నది అంతవరకూ ఖాళీగా ఉన్న అదే చానల్‌ని. సంగతి తెలిశాక ప్రసారం ఆపారు. ఆ తర్వాతే, 2000లో, ఎఫ్‌సీసీ వైద్య టెలిమెట్రీకి విడిగా స్పెక్ట్రమ్ కేటాయించింది. 2009 జూన్ 12న అనలాగ్ ప్రసారాలు ఆగిపోయాక స్టేషన్ తన పాత 8వ చానల్‌కే వచ్చేసింది.

ఫిబ్రవరి 15

మొదటి రికార్డింగ్. రికార్డింగ్ ప్రోగ్రామ్ అంటూ ఏదీ లేకుండానే.

లైనక్స్‌లో ట్యూనర్ కూడా ఒక ఫైలులాగే కనబడుతుంది. ఒక కమాండ్‌తో చానల్‌కి ట్యూన్ చేసి, స్క్రీన్ మీద ఇంకో విండోలో ఆ ఫైలుని చదివి డిస్కులో రాయమంటే చాలు. ప్రాసెసర్ వాడకం చూశా: రెండు శాతం. ఇంత పాత కంప్యూటర్ హెచ్‌డీ రికార్డ్ చేస్తూ కునుకు తీస్తోంది!

ఇందులో గమ్మత్తు అంతా ఇక్కడే ఉంది. 1999లో మొదటి టివో, రీప్లేటీవీ రికార్డర్ డబ్బాలు వచ్చినప్పుడు వాటికి వచ్చేది అనలాగ్ సిగ్నల్. దాన్ని అంకెలుగా మార్చి, కుదించి, అప్పుడు డిస్కులో రాయాలి. అందుకు ఖరీదైన ఎంపెగ్ ఎన్‌కోడర్ చిప్ ఉండాలి. హెచ్‌డీ సంగతికి వస్తే కుదింపు పని టీవీ స్టేషనే చేసి పంపుతోంది. గాల్లోంచి వచ్చేదే సెకనుకి 19.39 మెగాబిట్ల సిద్ధమైన ఎంపెగ్-2 ప్రవాహం. 188 బైట్ల పొట్లాలు (ప్యాకెట్లు), సెకనుకి దాదాపు 12,900, ప్రతిదానికీ మొదటి బైటు హెక్స్‌లో 47. వాటిని వచ్చినవి వచ్చినట్టు రాసుకుంటే అదే రికార్డింగ్. మూలానికీ కాపీకీ మధ్య ఒక్క బిట్టు తేడా ఉండదు. సెకనుకి 2.4 మెగాబైట్లు రాయడం ఆ కాలపు ఐడీఈ డిస్కుకి కూడా లెక్క కాదు.

మరి 2004లో రికార్డర్లకి వెయ్యి డాలర్లెందుకు? ఉపగ్రహ టీవీ కంపెనీలైన డైరెక్‌టీవీ వాళ్ల టివో హెచ్ఆర్10-250, డిష్ నెట్‌వర్క్ పీవీఆర్-921, రెండూ ఆ ధరకే వచ్చాయి. రెండిట్లోనూ ఉపగ్రహ ట్యూనర్‌తో పాటు గాలి ట్యూనర్ కూడా ఉండేది. డబ్బు పోయింది డీకోడింగ్‌కి, పెద్ద డిస్కుకి. మొత్తం ప్రవాహం రాస్తే గంటకి 8.7 జీబీ. 250 జీబీ డిస్కున్న టివో మీద 30 గంటల హెచ్‌డీ అని ముద్రించడానికి లెక్క దాదాపు ఇదే. ఉపగ్రహం జోలి లేకుండా గాలి ప్రసారాలు రాసే ఎల్‌జీ ఎల్ఎస్‌టీ-3410ఏలో ఉన్నది 120 జీబీ మాత్రమే. డిస్కు దండగ అనుకున్నవాళ్లకి డీ-వీహెచ్ఎస్ (డిజిటల్ వీహెచ్ఎస్) టేపులుండేవి. సెకనుకి 28.2 మెగాబిట్లు రాసే వేగం వాటికుంది కాబట్టి 19.39 సునాయాసంగా పట్టేది. టేపు ముందుకీ వెనక్కీ తిప్పుకోవడం మాత్రం మామూలే.

ఇంకో సంగతి. పాత ఫ్యాట్ 32 డిస్కు మీద ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. అంటే మొత్తం ప్రవాహం రాస్తే అరగంట కూడా పట్టదు.

నా మొదటి ఫైలుని విప్పి చూస్తే ఈ కాలం తేడా తెలిసింది. అప్పట్లో స్టేషన్లు ఉన్న బిట్లలో సింహభాగం ఒక్క హెచ్‌డీ చానల్‌కే ఇచ్చేవి. ఇప్పుడు అదే 6 మెగాహెర్ట్జ్ గదిలో పాత సీరియళ్లు, అమ్మకాల కార్యక్రమాలు వేసే సబ్‌చానళ్లు అరడజను దాకా దూరాయి. ప్రధాన చానల్ పొట్లాలు మాత్రమే ఏరి రాస్తే గంటకి 5 జీబీ దాటడం లేదు. పచ్చిక మీద కెమెరా వేగంగా తిరిగినప్పుడు గళ్లు గళ్లుగా కనిపించడానికి కారణం నా కార్డు కాదు.

ఫిబ్రవరి 23

రాయడం ఎంత తేలికో చూపించడం అంత బరువు. 1080ఐ అంటే 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు. కుదింపు విప్పేశాక సెకనుకి 90 మెగాబైట్లకు పైనే. సాఫ్ట్‌వేర్‌తోనే విప్పమంటే పెంటియం 4 నూరు శాతానికి వెళ్లి, బొమ్మ తడబడి, మాట ముందుకి పోయి, పెదాలు వెనకబడ్డాయి.

అందుకే ఎఫ్ఎక్స్ 5200. ఎక్స్‌వీఎంసీ అనే ఏర్పాటు ద్వారా మోషన్ కాంపెన్సేషన్ (పక్క ఫ్రేముల నుంచి కదలికని కట్టుకోవడం) లాంటి బరువు పనుల్ని గ్రాఫిక్స్ కార్డుకి అప్పగించవచ్చు. ఎంప్లేయర్ అనే వీడియో ప్రోగ్రామ్‌ని ఆ దారిలో నడిపితే ప్రాసెసర్ సగానికి దిగింది. బొమ్మ ఒక్కచోట కూడా ఆగకుండా కదిలింది. ఆరోజుల్లో ఈ చవక కార్డు కోసం మిత్‌టీవీ అనే లైనక్స్ రికార్డర్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు ఎందుకు ఎగబడ్డారో ఇప్పుడు అర్థమైంది. విండోస్ వాళ్ల దారి వేరు: మైహెచ్‌డీ లాంటి కార్డుల మీద డీకోడర్ చిప్ కూడా ఉండేది, బొమ్మ నేరుగా కార్డు వెనక నుంచే టీవీకి వెళ్లేది. ఆ దారిలో ప్రాసెసర్‌కి పనే లేదు. సుఖంగా ఉండాలంటే అదే మేలు. కానీ ఆ కార్డు తనకి తెలిసిన పనే చేస్తుంది. పొట్లాల్ని నా ఇష్టమొచ్చినట్టు కోసుకోవాలంటే హెచ్‌డీ-3000 పద్ధతే.

అత్తయ్యగారు ఇక్కడి పబ్లిక్ టీవీ స్టేషన్ కేఈఆర్ఏలో పక్షుల కార్యక్రమం రికార్డింగ్ చూసి, "ఇది మామూలుగా టీవీలో రాదా?" అన్నారు. వస్తుందండీ అన్నాను.

మార్చి 2

ఈ కార్డు తయారీ 2005లో చట్టవిరుద్ధం కావలసింది. చేజారిన ఆ చరిత్ర డైరీలో ఉండాలి.

ఖచ్చితమైన డిజిటల్ కాపీలు జనం పంచుకుంటారేమోనని స్టూడియోలు భయపడ్డాయి. 2003 నవంబరులో ఎఫ్‌సీసీ బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్ నియమం తెచ్చింది. ప్రవాహంలో ఒక చిన్న గుర్తు ఉంటుంది, 2005 జులై 1 తర్వాత తయారయ్యే ప్రతి రిసీవరూ ఆ గుర్తు చూసి కాపీని కట్టడి చేయాలి. నా కార్డు లాంటిది, బిట్లని ఉన్నవి ఉన్నట్టు ఫైల్లో పోసేది, ఆ తేదీ తర్వాత చేయడానికి వీల్లేదు. డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు గడువులోపే కార్డులు కొని రికార్డర్లు కట్టుకోండని ప్రచారం చేశారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తదితరులు కోర్టుకెళ్లారు. 2005 మే 6న వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు నియమాన్ని కొట్టేసింది: ప్రసారం అందుకోవడం పూర్తయ్యాక యంత్రం లోపల ఏం జరగాలో చెప్పే అధికారం ఎఫ్‌సీసీకి చట్టం ఇవ్వలేదని. గడువుకి రెండు నెలలు కూడా లేదు అప్పటికి.

కథ అక్కడితో ముగిసిందని ఇరవై ఏళ్ల కిందట అందరూ అనుకున్నారు. ఇప్పుడు కొత్త తరం డిజిటల్ టీవీ పద్ధతైన ఏటీఎస్‌సీ 3.0 ప్రసారాల్లో కొన్ని స్టేషన్లు సిగ్నల్‌కే తాళం వేసి పంపుతున్నాయి. చూడాలంటే అనుమతి పొందిన యంత్రం కావాలి. ఎఫ్‌సీసీ ఫ్లాగ్‌తో చేయలేకపోయిన పని స్టేషన్లే చేసుకుంటున్నాయి, అదీ అందరికీ ఉచితంగా అందాల్సిన గాలి ప్రసారంలో. ఇది నాకు నచ్చలేదు. నా కార్డుకి 3.0 ఎలాగూ అర్థం కాదు, దాని మాడ్యులేషనే వేరు.

మార్చి 8

గడియారం. గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ మార్చినా ఈ బోర్డు రోజూ కొన్ని సెకన్లు జారుతోంది, నెట్ లేదు. టైమ్ కూడా గాల్లోంచే తీసుకున్నా. ప్రతి స్టేషనూ ప్రవాహంలో సమయం పంపుతుంది, 1980 జనవరి 6 నుంచి లెక్కించిన జీపీఎస్ సెకన్లలో. పక్కనే జీపీఎస్‌కీ మామూలు గడియారానికీ మధ్య లీపు సెకన్ల తేడా, ప్రస్తుతం 18. చిన్న స్క్రిప్టుతో సరిపోయింది. ఒక స్టేషన్ గడియారం మాత్రం ముప్పావు నిమిషం వెనక నడుస్తోంది, దాన్ని వదిలేసి ఇంకోదాన్ని నమ్ముకున్నా. కార్యక్రమాల పట్టిక కూడా అదే ప్రవాహంలో కొన్ని గంటల ముందుదాకా వస్తుంది. ఆ కాలపు సోనీ రికార్డర్లు కొన్న వాళ్లకి పట్టిక పంపిన సేవ తర్వాత మూతపడింది. గాల్లో పట్టిక ఇంకా వస్తూనే ఉంది.

మార్చి 9

పాత ఫైలు చెరిపినప్పుడల్లా, అదే సమయంలో నడుస్తున్న కొత్త రికార్డింగ్‌లో ఓ కుదుపు. ఒక గంట సేపు కేబుల్‌ని అనుమానించా, తీరా అది డిస్కు సంగతి. డిస్కులో ఫైళ్లని అమర్చే ఈఎక్స్‌టీ3 పద్ధతి మీద 8 జీబీ ఫైలు చెరపాలంటే, అది ఏ బ్లాకుల్లో ఉందో చెప్పే జాబితాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేయాలి, సెకన్ల తరబడి పడుతుంది. ట్యూనర్ డ్రైవరు దగ్గరున్న బఫరు 1.9 మెగాబైట్లే. పూర్తి వేగంతో వచ్చే ప్రవాహానికి అది ఒక్క సెకను కూడా చాలదు. డిస్కు అంతకన్నా ఎక్కువసేపు పలకకపోతే పొట్లాలు నేలపాలు. మిత్‌టీవీలో "నెమ్మదిగా చెరుపు" అనే సెట్టింగ్ ఎందుకుందో తెలిసింది. నేను రికార్డింగ్‌ల భాగాన్ని ఎక్స్ఎఫ్ఎస్ అనే ఇంకో పద్ధతికి మార్చా. ఇప్పుడు ఎంత పెద్ద ఫైలైనా రెప్పపాటులో పోతోంది.

మార్చి 16

వారంగా రాత్రి వార్తలు, రెండు బాస్కెట్‌బాల్ ఆటలు, కేఈఆర్ఏ కార్యక్రమాలు వాటంతటవే రికార్డ్ అవుతున్నాయి. మొన్న పిడుగులతో వాన కురిసిన రాత్రి తప్ప ఒక్క పొట్లం పోలేదు.

మిగిలింది రిమోట్. సీరియల్ పోర్టుకి తగిలించే ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ చేయాలి: 38 కిలోహెర్ట్జ్ సెన్సర్ ఒకటి, 5 వోల్టుల రెగ్యులేటర్, ఒక డయోడు, ఒక రెసిస్టరు, ఒక చిన్న కెపాసిటరు. సెన్సర్లు వచ్చాయి, తొమ్మిది పిన్నుల సీరియల్ కనెక్టరు రావాలి. రెండో ట్యూనర్ కోసం అదే కంపెనీ హెచ్‌డీ-5500 కార్డు ఎక్కడైనా దొరుకుతుందా అని చూస్తున్నా. దాని డీమాడ్యులేటర్ ఎల్‌జీది, భవనాల నుంచి తిరిగొచ్చే ప్రతిబింబాలని ఇంకా బాగా తట్టుకుంటుందని పేరు. దొరికితే రెండూ ఒకే తీగ మీద పెట్టి అంకెలు రాస్తా.